ఇటలీలో తాగిన రెడ్ వైన్ ఇంటికొచ్చాక దొరకాలంటే: సీసా నింపినవాళ్లను వెతకండి

అడిగిన విషయం క్లుప్తంగా ఇది. ఇటలీ వాయవ్యాన పీడ్‌మాంట్‌లో, ఆస్టి పట్టణం దగ్గర ఒక చిన్న భోజనశాలలో రెడ్ వైన్ పోశారు. రంగు పలుచన, వాసన గులాబీ, చివర్లో కాస్త మిరియం ఘాటు. ఫోన్‌లో ఉన్న ఫోటోలో లేబుల్ సగమే పడింది. పేరు "రుకే" అన్నట్టు గుర్తు. హైదరాబాద్ షాపుల్లో ఎవరికీ తెలియదు. న్యూజెర్సీలో ఉన్న అన్నయ్య కూడా వెతికి దొరకలేదన్నాడు. దీన్ని పట్టుకోవడం ఎలా?

మీరు తాగింది రుకే అయ్యే అవకాశమే ఎక్కువ. పూర్తి పేరు రుకే ది కస్తాన్యొలె మోన్‌ఫెర్రాతో. ఈ పేరు పెట్టుకునే హక్కు ఆస్టి జిల్లాలోని ఏడు ఊళ్లకే ఉంది: కస్తాన్యొలె మోన్‌ఫెర్రాతో, గ్రానా, మోంతెమాన్యో, పోర్తకొమారో, రెఫ్రాంకొరె, స్కుర్జొలెంగో, వియారీజి. సీసాలో కనీసం 90 శాతం రుకే ద్రాక్ష ఉండాలి, మిగతాది బర్బెరా గానీ బ్రకెత్తో గానీ కలపొచ్చు. కనుమరుగైపోతున్న ఈ ద్రాక్షను 1960ల్లో కస్తాన్యొలె చర్చి ఫాదర్ జాకొమో కావుదా మళ్లీ పట్టించుకుని సీసాల్లోకి తెచ్చాడు. 1987లో డీఓసీ (ఫలానా ప్రాంతపు వైన్ అని ఇటలీలో చట్టపరంగా ఇచ్చే హోదా), 2010లో అంతకంటే పై మెట్టయిన డీఓసీజీ గుర్తింపు వచ్చాయి. ఏడు ఊళ్ల పంటే కాబట్టి తయారయ్యే సీసాలే తక్కువ. విదేశాలకు చేరేది అందులో కొంత భాగమే. మీకు దొరకకపోవడానికి మొదటి కారణం ఇదే.

రెండో కారణం స్పెల్లింగ్. ఇటాలియన్ పేరు చెవితో విని ఇంగ్లీషు అలవాటుతో టైప్ చేస్తే వెతుకులాట అక్కడే ఆగిపోతుంది. ఇటాలియన్‌లో "క" పలకడానికి ఇ, ఐ ముందు సీహెచ్ రాస్తారు. ఉత్త సీ తర్వాత ఇ గానీ ఐ గానీ వస్తే అది "చ". జీఎన్ అంటే "న్య", జీఎల్ఐ అంటే "ల్యి". కాబట్టి రుకేను ఆర్, యూ, సీ, హెచ్, ఇ అని కొట్టాలి. చివరి ఇ మీద ఉండే గీత లేకపోయినా వెబ్‌సైట్లు పట్టుకుంటాయి, కానీ కే అక్షరంతో కొడితే పట్టుకోవు. చెజనేజే అన్న వైన్ సీతో మొదలవుతుంది. గ్రిన్యొలీనో మధ్యలో జీఎన్ ఉంటుంది. ఈ నాలుగు సూత్రాలతో విన్న పేర్లలో చాలావాటిని సరిగ్గా రాసుకోవచ్చు.

ఇంకా ముందుకెళ్లే ముందు, అది నిజంగా రుకేనా అని సరిచూసుకోండి. ఫోటోలో ఆల్కహాల్ శాతం కనిపిస్తే అదే మంచి ఆధారం. అదే ప్రాంతంలో గులాబీ వాసన వచ్చే ఇంకో రెడ్ బ్రకెత్తో ద్'అక్వి. ఎక్కువగా దొరికే రకం తీపిగా, నురగతో ఉంటుంది, ఆల్కహాల్ 5 నుంచి 6 శాతం దగ్గరే. రుకే తీపి లేని వైన్, సాధారణంగా 13 శాతం పైమాటే. గులాబీకి బదులు మిరియం ముందుకొచ్చి, పక్కనే కూనియో జిల్లాలో కూడా తిరిగి ఉంటే, అది వెర్దూనో పెలావెర్గా కావచ్చు. వెర్దూనో ఊళ్లోనూ, పొరుగునున్న లా మొర్రా, రొద్ది ఊళ్లలో కొంత భాగంలోనూ తయారవుతుంది, 1995 నుంచి డీఓసీ. ఎర్రటి స్ట్రాబెర్రీలాంటి రుచి, లేత రంగు, అయినా నాలుకను పట్టేసే వగరు ఉంటే గ్రిన్యొలీనో. దాని ద్రాక్షలో గింజలు ఎక్కువ కాబట్టి రంగు తక్కువైనా వగరు ఎక్కువ. మిరియం వాసన అంటున్నాం గానీ అది పోలిక మాత్రమే కాదు. మన నల్ల మిరియాలకు ఆ వాసననిచ్చే రొటండోన్ అనే పదార్థమే కొన్ని ద్రాక్ష తొక్కల్లోనూ ఉంటుంది. ఈశాన్యాన స్లొవేనియా సరిహద్దు దగ్గర ప్రెపొత్తో ఊరి స్క్యొప్పెత్తీనోలో అది బాగా తెలుస్తుంది.

ఇక లేబుల్. పెద్ద అక్షరాల్లో ఉన్న పేరును పట్టుకుని వెతకడం అందరూ చేసే పని, సమయం ఎక్కువగా వృథా అయ్యేది కూడా అక్కడే. ఆ పెద్ద పేరు వైన్ రకం కావచ్చు, తోట పేరు కావచ్చు, ఆ వైన్ చేసే ఇంటివాళ్లు (అంటే తయారీ సంస్థ) ముద్దుగా పెట్టుకున్న పేరు కావచ్చు. ఒకే రకం పేరు మీద పదుల ఇళ్ల సీసాలుంటాయి. మీకు కావలసింది అన్నిటికంటే చిన్న అక్షరాల్లో, లేబుల్ అడుగున గానీ వెనకవైపు గానీ ఉండే వరుస: "ఇంబొత్తిల్యాతో ఆల్లొరీజినె ద…" అని మొదలై, తర్వాత సంస్థ పేరు, ఊరు ఉంటాయి. పండించిన చోటే సీసా నింపిన ఇల్లు ఇది అని అర్థం. "ఆల్లొరీజినె" లేకుండా ఉత్త "ఇంబొత్తిల్యాతో ద" అని ఉంటే సీసా నింపినవాడు వేరే వ్యాపారి అయ్యుండొచ్చు. కొన్నిసార్లు పేరుకు బదులు ఐసీక్యూఆర్ఎఫ్ అన్న కోడ్ ఉంటుంది, అందులో జిల్లా రెండక్షరాలు కనిపిస్తాయి. ఏటీ అంటే ఆస్టి, సీఎన్ అంటే కూనియో, యూడీ అంటే ఊదినె, ఏఎన్ అంటే అంకోనా, సీటీ అంటే కతానియా.

సంస్థ పేరు ముందుండే మాట కూడా పనికొస్తుంది. "అజియెందా అగ్రికొలా" అంటే సొంత తోట ద్రాక్షతో చేసేవాళ్లు. అలాంటి ఇల్లు చిన్నదే అయ్యే అవకాశం ఎక్కువ, మెయిల్‌కు యజమానే జవాబిస్తారు. "కాంతీనా సొచాలె", "ప్రొదుత్తోరి" అంటే రైతుల సహకార సంఘం. "కాజా వినీకొలా" అంటే ద్రాక్ష లేదా వైన్ కొని అమ్మే పెద్ద సంస్థ, వాళ్ల సరుకు విదేశాల్లో దొరికే వీలు ఎక్కువ. సీసా మెడ మీద అంకెలున్న ప్రభుత్వ పట్టీ కనిపిస్తే చాలావరకు డీఓసీజీ. రుకేకు అది ఉండి తీరాలి. ఫోటోలో మెడ స్పష్టంగా ఉండి పట్టీ లేకపోతే మీ గుర్తు తప్పని అనుమానించండి.

పేర్ల ఉచ్చులు కొన్ని ఉన్నాయి, అనుభవం ఉన్న షాపువాళ్లు కూడా పడతారు. వీనో నోబిలె ది మోంతెపుల్చానోలో మోంతెపుల్చానో అన్నది తస్కనీలో ఊరు, ద్రాక్ష సాంజొవేజే. మోంతెపుల్చానో ద్'అబ్రుజ్జోలో అదే మాట ద్రాక్ష పేరు, ప్రాంతం వేరు, రుచి వేరు. బర్బెరా ద్రాక్ష, బర్బరెస్కో ఊరు. బర్బరెస్కోలో ఉండేది నెబ్బియోలో. ఆ నెబ్బియోలోకే గత్తినారా వైపు స్పాన్నా అని, వల్తెల్లీనాలో క్యావెన్నాస్కా అని పేర్లు. లాక్రిమా ది మొర్రో ద్'అల్బాలోని అల్బాకూ పీడ్‌మాంట్‌లోని అల్బాకూ సంబంధం లేదు, మొదటిది తూర్పు తీరాన అంకోనా జిల్లాలో ఉంది. వెర్నాచ్చా అనగానే సాన్ జిమిన్యానో వైట్ వైన్ చూపిస్తారు, కానీ వెర్నాచ్చా ది సెర్రపెత్రోనా నురగొచ్చే ఎర్ర వైన్. స్క్యొప్పెత్తీనోకు రిబోల్లా నేరా అని ఇంకో పేరుంది. షాపులో "రిబోల్లా" అని ఊరుకుంటే వైట్ వైనే చేతికొస్తుంది.

ఫోటోలో చిన్న అక్షరాలు లేవు కదా, మరి? భోజనశాలను అడగండి. చాలామంది మొహమాటపడి వదిలేసే దారి ఇది, నిజానికి అన్నిటికంటే గట్టిది ఇదే. కార్డు స్టేట్‌మెంట్‌లో భోజనశాల పేరో దాని యజమాని సంస్థ పేరో ఉంటుంది. బిల్లు దాచుకుంటే వైన్ పేరు కూడా అందులోనే ఉండొచ్చు. తర్వాత మ్యాప్స్‌లో ఆ చోటు తెరిచి, వేరేవాళ్లు పెట్టిన ఫోటోలు ఓపికగా చూడండి. వైన్ జాబితా పేజీలు, బల్లల మీద సీసాలు కనిపిస్తాయి, మీ సగం లేబుల్‌తో పోల్చుకోవచ్చు. దొరక్కపోతే వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో నాలుగు ముక్కలు రాయండి: ఏ రోజు, మధ్యాహ్నమా రాత్రా, ఏం తిన్నారు, మీ దగ్గరున్న ఫోటో. అనువాద యాప్‌తో ఇటాలియన్‌లో పంపితే జవాబు త్వరగా వస్తుంది. ఒక్క సందర్భంలో మాత్రం ఈ ప్రయత్నం ఫలించదు. వైన్ కూజాలో వచ్చి ఉంటే అది "స్ఫూజో", అంటే పీపాల్లో కొన్న విడి వైన్. దానికి లేబులే ఉండదు. అప్పుడు ద్రాక్ష పేరు, తెచ్చిన ఊరు అడిగి, ఆ రెండూ కలిసే వేరే సీసాను వెతుక్కోవాలి.

లేబుల్ ఫోటోతో వెతికే వివినో లాంటి యాప్ మొదటి గురి చూడడానికి బాగుంటుంది. తీర్పుగా తీసుకోకండి. అది ముఖ్యంగా లేబుల్ బొమ్మను పోలుస్తుంది, చిన్న అక్షరాల తేడాలు తప్పిపోవచ్చు. ఒకే ఇంటివాళ్ల మూడు వైన్లకు ఒకే రకం లేబుల్ ఉండి తోట పేరు మాత్రం మారితే, మూడింటిలో ఏదో ఒకటి చూపించవచ్చు. చూపిన ఫలితంలో తోట పేరు, ఆల్కహాల్ శాతం, ఊరు మూడూ మీ ఫోటోతో కుదిరాయా చూడండి.

తయారుచేసిన ఇల్లు ఏదో తెలిశాక, ఏ వైన్ ఏ షాపులో ఉందో చూపే వైన్-సెర్చర్ వెబ్‌సైట్‌లో ఆ సంస్థ పేరు, వైన్ పేరు రెండే కొట్టండి. సంవత్సరం కొట్టకండి, దేశం గడిలో "అన్ని దేశాలు" పెట్టండి. ఇక్కడ చూడాల్సింది ధర కాదు, ఆ ఇంటి సరుకు ఏయే దేశాలకు వెళ్తోందన్నది. జర్మనీలో పది షాపులు, అమెరికాలో ఒక్కటీ లేకపోతే దాని అర్థం స్పష్టమే.

అక్కడి నుంచి అసలు పని: వైనరీకి, అంటే ఆ వైన్ చేసే ఇంటికి, మెయిల్. మీరుండే దేశం, రాష్ట్రం, నగరం, కావలసిన వైన్, అక్కడికి తెప్పించే ఇంపోర్టర్ ఎవరు? ఈ మూడే రాయండి. మీ ప్రయాణ విశేషాలన్నీ రాస్తే అసలు ప్రశ్న మరుగున పడుతుంది. సమయం చూసుకోండి. ఆగస్టు 15 పండగ చుట్టూ ఇటలీ మొత్తం సెలవులో ఉంటుంది. సెప్టెంబరు, అక్టోబరు ద్రాక్ష కోతలు. ఏప్రిల్‌లో వెరోనాలో విన్‌ఇతలీ ప్రదర్శన ఉంటుంది, చిన్న ఇళ్లవాళ్లు కూడా అక్కడికే పోతారు. నవంబరు నుంచి ఫిబ్రవరి చివరి దాకా రాస్తే జవాబు వచ్చే అవకాశం బాగుంటుంది.

న్యూజెర్సీ అన్నయ్యకు ఇంకో దారి ఉంది, వైనరీ జవాబు కోసం ఆగక్కర్లేదు. అమెరికాలోకి అమ్మకానికి వచ్చే వైన్ లేబుల్‌కు టీటీబీ అనే కేంద్ర సంస్థ ముందే ఆమోదం ఇవ్వాలి. ఆ ఆమోదాలన్నీ పబ్లిక్ కోలా రిజిస్ట్రీ పేరుతో ఇంటర్నెట్‌లో ఉచితంగా చూడొచ్చు. బ్రాండ్ పేరు గడిలో వైనరీ పేరు పెట్టి, తేదీల్లో గత అయిదారేళ్లు ఇస్తే, లేబుల్ బొమ్మతో పాటు దరఖాస్తు పెట్టిన ఇంపోర్టర్ పేరు వస్తుంది. ఆమోదం ఉందంటే సరుకు ఇప్పుడు గోదాములో ఉందని కాదు, ఎవరిని అడగాలో తెలిసిందని. ఆ ఇంపోర్టర్‌కు రాసి, న్యూజెర్సీలో ఏ డిస్ట్రిబ్యూటర్‌కు ఇస్తున్నారో కనుక్కోవాలి. అక్కడ ఇంపోర్టర్, డిస్ట్రిబ్యూటర్, షాపు అని మూడు అంచెలుంటాయి. డిస్ట్రిబ్యూటర్ దగ్గర సరుకున్నా షాపువాడు తెప్పించకపోతే అరలో కనిపించదు. కాబట్టి దగ్గర్లో మంచి వైన్ షాపుకు వెళ్లి ఇంపోర్టర్, డిస్ట్రిబ్యూటర్ పేర్లతో సహా స్పెషల్ ఆర్డర్ అడగాలి. "రుకే ఉందా" అంటే లేదంటారు. "ఫలానా డిస్ట్రిబ్యూటర్ దగ్గర ఫలానా ఇంటి రుకే ఉంది, తెప్పిస్తారా" అంటే ఫోన్ తీస్తారు. ఒక్క సీసాకు ఒప్పుకోకపోవచ్చు. ఆరు లేదా పన్నెండు సీసాల పెట్టె అడుగుతారు, నలుగురు కలిసి పంచుకోవడం మేలు. వేరే రాష్ట్రం షాపులో కనిపిస్తే, వాళ్లు న్యూజెర్సీకి పంపగలరో లేదో డబ్బు కట్టకముందే అడగాలి, చట్టం రాష్ట్రానికో రకం. అమెరికా పోస్టులో మద్యం పంపడం నిషేధం. ఫెడెక్స్, యూపీఎస్ కూడా లైసెన్సున్న అమ్మకందారు దగ్గరే తీసుకుంటాయి. "గాజు సామాను" అని రాసి పంపుతానన్న చోట కొనకండి, పట్టుబడితే సీసా పోతుంది, డబ్బూ రాదు. కెనడాలో ఉన్నవాళ్లకు ఆంటారియోలో ఎల్‌సీబీఓ, క్విబెక్‌లో ఎస్‌ఏక్యూ ప్రభుత్వ సంస్థలే. అక్కడ ఏజెంటు ద్వారా ప్రైవేటు ఆర్డర్ పెట్టే వీలుంది, అదీ పెట్టె లెక్కనే.

హైదరాబాద్ సంగతి వేరు, నేరుగా చెప్పడమే మంచిది: రుకే లాంటిది ఇక్కడ షాపులో దొరుకుతుందని ఆశ పెట్టుకోకండి. దిగుమతి వైన్ మీద 2021 నుంచి 50 శాతం కస్టమ్స్ డ్యూటీ, 100 శాతం వ్యవసాయ మౌలిక వసతుల సెస్సు, కలిపి 150 శాతం లెక్క నడిచింది. ఆ లెక్కన ఓడరేవుకు 10 యూరోలకు చేరిన సీసా బయటికి వచ్చేసరికే 25 యూరోలు, ఆపైన రాష్ట్ర పన్నులు, మధ్యవాళ్ల లాభం. దీనికి తోడు ప్రతి లేబుల్‌నూ ప్రతి రాష్ట్రంలో విడిగా రిజిస్టర్ చేయించాలి, ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధనల లేబుల్ అతికించాలి. తెలంగాణలో టోకు సరఫరా బెవరేజెస్ కార్పొరేషన్ ద్వారానే. ఇన్ని ఖర్చులు పది పెట్టెల వైన్ మీద ఏ ఇంపోర్టరూ పెట్టడు. బాగా అమ్ముడుపోయే క్యాంతీ, బరోలో, ప్రిమితీవో లాంటివే వస్తాయి. వీధి చివర "వైన్స్" బోర్డున్న షాపులో బ్రాందీ, విస్కీ, బీరే ప్రధానం, అక్కడ అడిగి నిరాశపడక్కర్లేదు. ఇంపోర్టెడ్ సరుకు విడిగా పెట్టే పెద్ద స్టోర్లలోనూ, పెద్ద హోటళ్ల వైన్ జాబితాల్లోనూ చూడండి. ముంబై, బెంగళూరు, గోవాలో ఎంపిక ఎక్కువ. కాకపోతే సీసాలు రాష్ట్రం దాటించే పరిమితి ఎంతో ఆ రాష్ట్రాల ఎక్సైజ్ నిబంధనల్లో చూసుకోవాలి. ఇటలీ నుంచి కొరియర్‌లో తెప్పించుకోవడం సామాన్యుడికి కుదిరే దారి కాదు, కస్టమ్స్‌లో ఆగిపోతుంది.

కాబట్టి నమ్మకమైన దారి చేతిలో తెచ్చుకోవడమే. విదేశం నుంచి వచ్చే పెద్దవాళ్లు ఒక్కొక్కరు 2 లీటర్ల మద్యం సుంకం లేకుండా తేవచ్చు. 750 మిల్లీలీటర్ల సీసాలు రెండు, 375 మిల్లీలీటర్ల సగం సీసా ఒకటి కలిపితే 1.875 లీటర్లు, పరిమితిలోనే. భార్యాభర్తలు ఇద్దరిదీ కలిపి 4 లీటర్లని ఒకరి పెట్టెలో ఐదు సీసాలు పెట్టకూడదు, ఈ మినహాయింపును కలిపి లెక్కించుకునే వీల్లేదు. శంషాబాద్‌లో దిగాక డ్యూటీ ఫ్రీలో కొన్నదీ ఇదే 2 లీటర్లలోకి వస్తుంది. ఎక్కువైతే కస్టమ్స్ రెడ్ ఛానెల్‌లో చెప్పి సుంకం కట్టాలి. లండన్ నుంచో న్యూజెర్సీ నుంచో బంధువులు వస్తున్నారంటే రెండు నెలల ముందే చెప్పండి. వాళ్లు అక్కడ స్పెషల్ ఆర్డర్ పెట్టించి తెప్పించడానికి ఆ సమయం కావాలి.

సీసా నిండుగా కిలోన్నర దాకా తూగుతుంది, లగేజీ బరువు లెక్కలో పెట్టుకోండి. చేతి సంచిలో కుదరదు, చెక్-ఇన్ పెట్టెలోనే పెట్టాలి. గాలి నింపే ప్లాస్టిక్ తొడుగో, లేకపోతే మందపాటి తువ్వాలో చుట్టి, దాని మీద లీకు కాని కవరు వేసి, పెట్టె మధ్యలో అన్ని వైపులా బట్టలుండేలా పెట్టండి. గోడలకు, చక్రాల వైపుకు తగలకూడదు. పగిలేది చాలావరకు అక్కడే. వేసవిలో మన ఎండకు భయపడాలి. కారు డిక్కీలో గంట ఉన్నా వైన్ ఉబ్బి కార్క్ పైకి జరుగుతుంది. మెడ దగ్గర జిగటగా కారిన మరక, కార్క్ అంచు పైకి తేలడం దాని గుర్తులు. తెచ్చాక రెండు మూడు వారాలు కదపకుండా ఉంచి తీయండి. అటక మీద వద్దు, వంటింటి అలమారలో అస్సలు వద్దు. వైన్ ఫ్రిజ్ లేకపోతే మామూలు ఫ్రిజ్ కింది అరలో కొన్ని నెలలు నిక్షేపంగా ఉంటుంది.

తీరా తెచ్చి తాగాక "అక్కడి రుచి లేదు" అనిపించడానికి ముఖ్య కారణం వేడి. రెడ్ వైన్ గది వేడిమిలో తాగాలన్న మాట చలిదేశపు గదుల గురించి చెప్పింది. మన 32 డిగ్రీల గదిలో ఆల్కహాల్ ఘాటు ముక్కుకు కొట్టి గులాబీ వాసన మరుగున పడుతుంది. రుకేను 15, 16 డిగ్రీల దగ్గర పోయాలి. గదిలో ఉన్న సీసాను గంటన్నర నుంచి రెండు గంటలు ఫ్రిజ్‌లో పెట్టి తీయండి. ఫ్రిజ్‌లోనే ఉన్నదైతే గంట ముందు బయట పెట్టండి.

మీరు తాగిన సంవత్సరమే కావాలని పట్టుబట్టకండి. రుకేను కోతయిన మూడు నాలుగేళ్లలో తాగడం మంచిది, ఆ తర్వాత వాసన తగ్గిపోతుంది. పాత సంవత్సరం చవగ్గా కనిపిస్తే అదే కారణం కావచ్చు. బరోలో, తౌరాజి, బ్రునెల్లో లాంటి ఏళ్ల తరబడి నిలవుంచే వైన్లకు సంవత్సరం ముఖ్యం, వాటికోసం వెతికితే అది ఇన్నాళ్లూ ఎక్కడ నిలవుందో కూడా అడగాలి.

ఆ ఇంటి సీసా ఎంతకీ దొరక్కపోతే, అవే ఏడు ఊళ్లలో ఇంకో ఇంటి రుకే తీసుకోండి. తేడా మీరనుకున్నంత ఉండదు. అదీ లేకపోతే గులాబీ వాసన కోసం లాక్రిమా ది మొర్రో ద్'అల్బా. రంగు చిక్కటి ఊదా, వాసన మాత్రం రుకేకు దగ్గర బంధువులా ఉంటుంది. మీకు నచ్చింది మిరియం ఘాటైతే వెర్దూనో పెలావెర్గా, లేదా స్క్యొప్పెత్తీనో. లేత రంగు, నోట్లో తేలిగ్గా ఉండే తీరు నచ్చితే ఉత్తరాన స్క్యావా, సిసిలీలో ఫ్రప్పాతో. గులాబీ వాసన, మిరియం ఘాటు, లేత రంగు, ఈ మూడింటిలో మీకు ఎక్కువగా గుర్తున్నది ఏదో ముందు తేల్చుకుని అన్నయ్యకు అదే చెప్పండి. కోలా రిజిస్ట్రీలో ఈ పేర్లకూ ఇంపోర్టర్లు కనిపించవచ్చు.